ఇంటి పెరడు, ఇళ్ల ప్లాటు: కోటబొమ్మాళి ప్రాంతంలో నివేశన భూమి చరిత్ర

1. ప్రవేశిక

తెలుగు ప్రాంతాల భూచరిత్ర రచన ప్రధానంగా పంటభూమి చుట్టూ సాగింది. శిస్తు, కౌలు, జమీందారీ వ్యతిరేక పోరాటాలు, భూపరిమితి చట్టాల గురించి విస్తృతంగా పరిశోధన జరిగింది. ఇంటి వెనుక ఆనప పాదు, బీర పందిరి, మునగ చెట్టు, నుయ్యి, గెత్తం గొయ్యి ఉండే పెరడుకు మాత్రం ఆ చరిత్రలో దక్కిన చోటు స్వల్పం. శిస్తు లెక్కలకు ఎక్కని భూమి గురించి రెవెన్యూ దస్త్రాలు తక్కువగా మాట్లాడతాయి. అయితే చట్టాల నిర్వచనాల్లో పెరడు జాడ స్పష్టంగానే ఉంది. ఇల్లు, పెరడు ఒకే ఆస్తి అన్న భావన ఆ చట్టాల్లో ఎలా నిలిచిందో, ప్లాటు వ్యాపారంలోనూ సెంట్ల లెక్కలోనూ ఎలా సడలిందో శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి ప్రాంతం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. వలసపాలనలో పెరడు

కోటబొమ్మాళి పరిసరాలు 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయ్యే వరకు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలోను, ఆ తరువాత విశాఖపట్నం జిల్లాలోను, 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం జిల్లాలోను ఉన్నాయి. టెక్కలి, పర్లాకిమిడి వంటి జమీందారీలు విస్తరించిన ప్రాంతమిది.

1905 నాటి మద్రాసు భూ ఆక్రమణ చట్టం ప్రభుత్వ ఆస్తి ఏదో నిర్వచిస్తూ కొన్ని మినహాయింపులిచ్చింది. దేవాలయ స్థలాలతో పాటు, ఇంటి స్థలంగా గానీ పెరడుగా గానీ యాజమాన్యంలో ఉన్న భూమి ప్రభుత్వానిది కాదని పేర్కొంది. ఇంటి పక్కనే పెరడును పేరు పెట్టి చెప్పడం ఇక్కడ గమనార్హం. గ్రామకంఠం భూములపై తరువాతి కాలపు వివాదాలకు ఈ నిర్వచనమే ముఖ్యాధారమైంది.

జమీందారీ గ్రామాల్లో పరిస్థితి కొంత భిన్నం. 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం కళ్లాలను, పశువులు నిలిచే చోట్లను, గ్రామ నివేశన స్థలాలను రైతు భూమి నిర్వచనం నుంచి మినహాయించింది. ఈ మినహాయింపు ప్రభావం రెండు విధాలుగా ఉంది. సాగుభూమిపై శిస్తు విధించే పద్ధతి నివేశన స్థలానికి వర్తించలేదు. అదే సమయంలో, సాగుభూమిపై రైతుకు లభించిన అనుభోగ హక్కు కూడా దానికి వర్తించలేదు. పెరటి కూరగాయ శిస్తుకు దూరంగా ఉన్నంతగా, హక్కు పత్రానికీ దూరంగానే ఉండిపోయింది.

3. ఎస్టేట్ల రద్దు తరువాత

1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు ప్రభుత్వపరమయ్యాయి. ఎస్టేటులోని కట్టడాలు మాత్రం వాటి యజమానులకే చెందుతాయని 18వ సెక్షను తెలిపింది. కట్టడమంటే అది నిలిచిన స్థలంతో పాటు, దానికి అనుబంధంగా అనుభవంలో ఉన్న పక్క ఆవరణ కూడా అని వివరించింది. పెరడు అన్న మాట ఇక్కడ లేకున్నా దాని భావం ఉంది.

అయితే సొంత స్థలంలో ఇల్లున్నవారికే ఈ రక్షణ ఉపకరించింది. ఇతరుల భూమిలో గుడిసె వేసుకున్న వ్యవసాయ కూలీలు, చేతివృత్తులవారు దాని పరిధికి వెలుపలే మిగిలారు. వారికి నివేశన స్థలంపై యాజమాన్యం కల్పించేందుకు ఆంధ్రప్రదేశ్‌లో 1976లో ప్రత్యేక చట్టం అవసరమైంది. కాబట్టి పెరటి సాగును గ్రామమంతటికీ సమానంగా అందిన వనరుగా భావించడం చారిత్రకంగా సరికాదు.

4. రహదారి, రేవు, ప్లాటు

1893-96 మధ్య తూర్పుతీర రైలుమార్గం ప్రారంభమైంది. నేడు కోటబొమ్మాళి స్టేషను హౌరా-చెన్నై మార్గంలో ఉంది. 16వ నంబరు జాతీయ రహదారి ఈ మండలం మీదుగా పోతుంది. పొరుగున ఉన్న సంతబొమ్మాళి మండలంలో మూలపేట రేవు నిర్మాణానికి 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. రహదారి, రేవు వంటివి వచ్చిన చోట భూమి విలువను దిగుబడి ఒక్కటే నిర్ణయించదు. రాబోయే ధరపై ఆశ కూడా నిర్ణయిస్తుంది.

వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చే విధానాన్ని 2006 నాటి చట్టం క్రమబద్ధం చేసింది. 2016 నాటి కేంద్ర స్థిరాస్తి చట్టం 500 చదరపు మీటర్లు మించిన ప్రాజెక్టులకు నమోదు తప్పనిసరి చేసింది. ఈ రెండూ కొనుగోలుదారుకూ ప్రభుత్వానికీ అవసరమైన నియమాలే. కానీ పెట్టుబడిగా కొన్న ప్లాటు పొలమూ కాదు, నివాసమూ కాదు. తిరిగి అమ్మేవరకు అది హద్దురాళ్ల మధ్య బీడుగా ఉంటుంది. అక్కడ పాదు పెట్టేందుకు ఇల్లు లేదు, ఇంట్లో మనిషి లేడు.

5. సెంటు లెక్క

పేదల ఇళ్ల స్థలాల విషయంలో ఈ సమస్య మరో రూపం దాల్చింది. 2020 డిసెంబరు 25న ప్రారంభమైన పంపిణీలో గ్రామాల్లో కుటుంబానికి ఒకటిన్నర సెంటు, పట్టణాల్లో ఒక సెంటు కేటాయించారు. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. ఒకటిన్నర సెంటు 653 అడుగులు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు కడితే 313 అడుగులు మిగులుతాయి. మెట్లు, మరుగుదొడ్డి, నడకదారి పోగా పాదుకు చోటు దొరకడం కష్టం. 2024 తరువాతి ప్రభుత్వం గ్రామాలకు ప్రకటించిన మూడు సెంట్లలో అదే ఇల్లు కడితే దాదాపు 967 అడుగులు మిగులుతాయి. స్థలం రెట్టింపైతే ఖాళీ మూడింతలవుతుంది. పెరడు భవిష్యత్తు ఈ వ్యత్యాసంలోనే తేలుతుంది.

6. ముగింపు

1905, 1948 చట్టాలు ఇంటిని, దాని ఆవరణను కలిపే చూశాయి. ప్లాటు వ్యాపారం చదరపు గజాన్ని, పంపిణీ పథకం సెంటును ప్రమాణంగా తీసుకున్నాయి. ఆ ప్రమాణాల్లో పెరడుకు విడిగా స్థానం లేదు. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన స్వామిత్వ పథకం గ్రామ నివేశన ప్రాంతాలను డ్రోన్లతో కొలిచి ఆస్తి కార్డులిస్తోంది. దీర్ఘకాలం పత్రం లేకుండా ఉన్న హక్కుకు పత్రం రావడం మేలే. అయితే పత్రంతో పాటు విభజన, తాకట్టు, అమ్మకం కూడా సులువవుతాయి. కొలత హద్దును నమోదు చేస్తుంది. ఆ హద్దు లోపల ఏటా కాసే ఆనపను, బీరను, వాటి వల్ల ఇంటికి తప్పే సంత ఖర్చును నమోదు చేయదు. నివేశన భూమి చరిత్రను వినియోగం వైపు నుంచి కూడా రాయవలసిన అవసరం ఇక్కడే ఉంది.