మెమరీ చిప్పు, దాని చిట్టా

15 మిల్లీమీటర్ల పొడవును, 11 మిల్లీమీటర్ల వెడల్పును, 1 మిల్లీమీటరు మందమును గల నల్లని బిళ్ల యొకటి, మన పల్లెలలో చిప్పు అని పిలువబడునది, సుమారిరువదియేండ్లుగా తెలుగునాట పాటలను, పెండ్లి ఛాయాచిత్రములను, సినిమాలను ఊరినుండి యూరికి మోసినది. దానిని క్రొత్త ఫోనులో నుంచినప్పుడెల్ల, కార్డును ఫార్మాట్ చేయవలయునా యని ఫోను ప్రశ్నించును. యజమాని లోలోపల జంకుచునే సమ్మతించును. ఆ యొక్క నొక్కుతో ముగియు కార్యమునకు ఏబదియేండ్లకు మించిన చరిత్రము గలదనియు, అందు అమెరికా జపానుల ఇంజనీర్లకే గాక మన బస్టాండుల యెదుటి సెల్ షాపులవారికిని కొంత భాగము గలదనియు ఎఱిగినవారు తక్కువ.

ఫార్మాట్ చేయుటయన్న తుడిచివేయుట యని సామాన్యుల యభిప్రాయము. చరిత్రమును పరిశీలించినచో ఆ యభిప్రాయము నిలువదు. ఐబీఎం సంస్థవారు 1971లో 8 అంగుళముల ఫ్లాపీ డిస్కును వెలువరించిననాడు ఆ పలుచని అయస్కాంతపు పళ్లెముమీద తుడుచుటకేమియు లేదు; ఎచ్చట వ్రాయవలయునో, వ్రాసినదానిని మరల నెచ్చట వెదకవలయునో తెలుపు గుర్తులును లేవు. కావున ముందుగా దానిని వలయములుగను, వలయములను ఖండములుగను విభజించి, ఖండమునకొక సంఖ్య వేయవలసివచ్చెను. 1973లో ఆ సంస్థవారే తమ 3740 యంత్రమునకై స్థిరపఱచిన పద్ధతిలో వలయములు 77, వలయమునకు ఖండములు 26, ఖండమునకు బైట్లు 128. వెరసి రెండున్నర లక్షల పైచిలుకు. నేటి ఫోను తీయు ఒక్క ఛాయాచిత్రమునకైనను అది చాలదు. అయినను ఆ కొలతను చిన్నచూపు చూడరాదు. ఒక యూరి కార్యాలయమున వ్రాసిన డిస్కును వేఱొక యూరి యంత్రము చదువగలుగుట ఆ గుర్తులవలననే సాధ్యమయ్యెను. ఒండొంటి నెఱుగని రెండు యంత్రములకు నడుమ ముందుగా కుదిరిన ఒడంబడిక యేది కలదో అదియే ఫార్మాట్. తుడుపు దాని వెంటవచ్చు ఉపద్రవము మాత్రమే.

ఆ డిస్కులు సిద్ధమై వచ్చునప్పుడు వాని ఖాళీ ఖండములనిండ 229 అను ఒకే సంఖ్య వ్రాయబడియుండెడిది. కంప్యూటరువారి లెక్కలో దానిని ‘ఈ5’ అందురు. సీపీఎం అను నిర్వాహక వ్యవస్థను నిర్మించిన గ్యారీ కిల్డాల్, ఎట్లును క్రొత్త డిస్కునిండ అదియే యున్నది గదా యని, పట్టికలో మొదటి గడియందు ఆ సంఖ్య కనబడినచో ఆ వరుస ఖాళీయని నిర్ణయించెను. తరువాతివారు ఆ సంకేతమును యథాతథముగా గ్రహించిరి. నేడు మన ఫోనులోని కార్డునుండి ఒక పాటను తొలగించినప్పుడు, ఫ్యాట్ పద్ధతి కార్డైనచో, ఆ పాట పేరులోని మొదటి యక్షరము స్థానమున వచ్చి కూర్చుండునది ఆ 229 సంఖ్యయే. ఏనాటి కర్మాగారపు టలవాటు, ఏనాటి ఫోను!

ఫ్యాట్ అను పేరెత్తితిని గనుక దాని జన్మమును చెప్పవలయును. 1977లో మైక్రోసాఫ్టు సంస్థయందు మార్క్ మెక్‌డొనాల్డు, బేసిక్ భాష నడచు ఒక చిన్న యంత్రమునకై, డిస్కులో నేయే భాగమెవరి యధీనమున నున్నదో తెలుపు పట్టికను కల్పించెను. మన కరణముల చిట్టా అడంగళ్ల నెఱిగినవారికి దీనిని వివరించుట సులువు. ఖండములకు వేసిన సంఖ్యలు సర్వే రాళ్లవంటివి. పట్టిక కరణము చేతి చిట్టా. ఈ ఫైలు ఫలానా మడిలో మొదలగునని పేర్ల జాబితాలో నుండును. ఆ మడి తరువాత ఏ మడికి పోవలయునో, అటుపిమ్మట నెచ్చటికో, ఎచ్చట ముగియునో చిట్టాలో వరుసగా నుండును. ఫైలును తొలగించుటయనగా పేరు కొట్టివేసి ఆ మళ్లను బంజరని వ్రాయుట. సాధారణముగా మనము చేయు శీఘ్రపు ఫార్మాట్ అనగా పాత చిట్టాను పాఱవేసి, ఊరంతయు బంజరేయని క్రొత్త చిట్టా తెఱచుట. పంట చేలలోనే నిలిచియుండును. క్రొత్త రైతు వచ్చి దున్నువఱకు దానికి చేటు లేదు.

టిమ్ ప్యాటర్సన్ 1980లో తాను రచించిన వ్యవస్థయందు ఈ పట్టిక పద్ధతినే స్వీకరించెను. 1981 జూలైలో మైక్రోసాఫ్టు దానిని కొనెను. ఆగస్టులో ఐబీఎం పీసీతో కూడ అది డాసు అను పేర లోకమెల్ల వ్యాపించెను. చిట్టా చింపినను పంట మిగులునను రహస్యమును సొమ్ముగా మార్చుకొన్నవాడు పీటర్ నార్టన్. 1982లో ఆయన ప్రకటించిన ఉపకరణములలో తొలగిన ఫైలును మరల తెచ్చునది ప్రసిద్ధమయ్యెను. 1991 నాటి డాసు 5వ కూర్పులో శీఘ్రపు ఫార్మాటును, ఫార్మాటును వెనుకకు మరల్చు ఆజ్ఞయు ఒకేమారు చేరుట గమనింపదగినది. నేటి ఫోటోరెక్ మొదలగు ఉపకరణములు ఆ దారినే, చిట్టాను లెక్కపెట్టక, చేలలో దిగి పంటను గుర్తుపట్టి కోసి తెచ్చునవి.

ఇంతవఱకు నడచినది తిరుగు పళ్లెముల కథ. తిరుగని మెమరీ తోషిబా సంస్థయందు ఫుజియో మసువోకా చేతులలో పుట్టెను. 1984లో ఆయన ఫ్లాష్ మెమరీని, 1987లో దాని న్యాండ్ రూపమును పండితసభలలో ప్రకటించెను. దీని స్వభావము విచిత్రము. కొద్దికొద్దిగా వ్రాయవచ్చును గాని, తుడువవలసివచ్చినప్పుడు పెద్ద దిమ్మగా నొక్కసారియే తుడువవలయును. పలుమారులు తుడిచినచో దిమ్మ అరిగిపోవును. ఈ యవలక్షణమును కప్పిపుచ్చుటకై కార్డులో నొక చిన్న నియంత్రకము నుంచిరి. అది లోపల దిమ్మలను త్రిప్పి త్రిప్పి వాడుచు, వెలుపలివారికి మాత్రము 512 బైట్ల ఖండముల పాత డిస్కువలెనే కనబడును. వలయములు లేనిచోట వలయముల కాలపు వేషము. 1988లో ఈలీ హరారీ, కాన్పూరున జన్మించిన సంజయ్ మెహ్రోత్రా, జాక్ యువాన్ అను మువ్వురు స్థాపించిన సంస్థ, పిమ్మట శాన్‌డిస్క్‌గా పేరొందినది, ఈ విద్యలో నిష్ణాతయై 1994లో కాంపాక్ట్‌ఫ్లాషును, 1997లో సీమెన్సుతో కలిసి ఎంఎంసీని, 1999లో తోషిబా, పానసోనిక్ జతగా ఎస్‌డీ కార్డును, 2004లో నేటి మైక్రో ఎస్‌డీకి మూలమైన ట్రాన్స్‌ఫ్లాషును తెచ్చెను. వీనియందన్నిట ఫ్యాట్ పట్టికయే ప్రవేశించెను. అది శ్రేష్ఠమగుటచే గాదు; విద్యుత్తు మధ్యలో పోయినచో చిట్టా చిక్కుపడుట దాని జన్మదోషము. ప్రతి కంప్యూటరును దానిని చదువగలదు, కెమెరాలోని చిన్న బుఱ్ఱయు దానిని మోయగలదు. ఆ రెండు గుణములే దానిని గెలిపించెను.

తెలుగునాట ఈ యొడంబడిక జీవనోపాధిగా మాఱిన వైనమును గ్రంథస్థము చేసినవారు లేరు గాని, అది నాకు మిగిలిన కథకంటె రుచికరము. 1980ల నాటికే మన పట్టణములలో క్యాసెట్ రికార్డింగు దుకాణములుండెడివి. కాగితముమీద పాటల పట్టిక వ్రాసి, సోనీదో టీడీకేదో ఖాళీ క్యాసెట్టును చేతికిచ్చి, మఱునాడు వచ్చి తీసికొనిపోవుట ఆనాటి రివాజు. నోకియా 6600 ఫోను 2003లో 32 ఎంబీ కార్డుతో వచ్చినప్పుడు అందు పట్టునవి ఆఱేడు పాటలే గావున అది సంపన్నుల ముచ్చటగా నుండెను. మైక్రో ఎస్‌డీ గల చౌక ఫోనులును, చైనా ఫోనులును వచ్చి, 1 జీబీ, 2 జీబీ కార్డులు కూలివానికిని అందుబాటైన పిమ్మట, ఒక కంప్యూటరు, ఒక కార్డ్ రీడరు, సినిమాల పేర్లతో నిండిన హార్డ్ డిస్కు ఉన్న ప్రతివాడును దుకాణదారుడయ్యెను. ‘పాటలు ఎక్కించబడును’ అను బోర్డు మండల కేంద్రములలో టీ కొట్టు బోర్డంత సామాన్యమయ్యెను. ఘంటసాల పద్యములడుగు ముసలివారు, కొత్త సినిమా విడుదలైన వారమే దాని పాటలకు మూగు కుఱ్ఱవారు, కార్తికమున మాల వేసికొని అయ్యప్ప భజనలు కోరు స్వాములు, నిజామాబాదు కరీంనగరు ప్రాంతములనుండి గల్ఫునకు పోవుచు జానపదములు నింపించుకొను కూలీలు, అందఱును ఆ యొక్క బల్లయెదుట నిలిచిరి. హక్కుదారులకు ఇందు కాసైన ముట్టలేదని చెప్పక తప్పదు. 1957 నాటి కాపీరైటు చట్టము ఆ బోర్డు క్రింద నిశ్చింతగా నిద్రించెను.

అన్ని చిప్పులు ఒకే రీడరులో దూరుటచే ఒకదాని వైరస్సు అన్నిటికి నంటుకొనెడిది. ఫోల్డర్లన్నియు మాయమై, వాని స్థానమున అదే పేర్ల షార్ట్‌కట్లు వెలయు రోగమొకటి మిక్కిలి ప్రబలెను. నిజమునకు ఫైళ్లు దాగియుండెడివే గాని పోయెడివి కావు. ఐనను దుకాణపు పిల్లవానికి తెలిసిన మందొక్కటే. “అన్నా, వైరస్ పట్టింది, ఫార్మాట్ కొట్టెయ్యమంటవా?” యని వాడడుగును. “ఫోటోలున్నయి తమ్మీ, అవి తీసిపెట్టి కొట్టు” అని బుద్ధిమంతుడు చెప్పును; తొందరవాడు సరేయనును. తేదీల వింతయు ఆ రోజులదే. డాసు పట్టికలో కాలము 1980 జనవరి 1తో మొదలగును గనుక, గడియారము సరిపెట్టని ఫోనులో తీసిన మనుమరాలి బారసాల 1980 నాటిదిగా నమోదగుచుండెను.

నకిలీ కార్డులవారు సైతము ఈ విద్యను క్షుణ్ణముగా నభ్యసించిరి. 2 జీబీ సరుకుగల కార్డులోని నియంత్రకమునకు 32 జీబీయని అబద్ధము నేర్పినచో, ఫార్మాట్ చేసినను 32 జీబీయే కనబడును. చిట్టా సరుకు చూచి వ్రాయబడదు, నియంత్రకము మాట విని వ్రాయబడును. అసలు నిండిన తరువాత ఎక్కించిన పాటలకు పేర్లుండును, ధ్వని యుండదు. కొన్నవాడు ఫార్మాట్ మీద ఫార్మాట్ చేసి విసిగి, ఫోనునే నిందించుచుండెను.

ఎస్‌డీ సంఘమువారు పరిమాణముతో పాటు పట్టికను గూడ శాసించిరి: 2 జీబీ దాక ఫ్యాట్ 16, అటుపైని 32 జీబీ దాక ఫ్యాట్ 32, 2009లో వచ్చిన తరగతికి 2 టీబీ దాక ఎక్స్‌ఫ్యాట్. ఫ్యాట్ 32లో ఒక్క ఫైలు 4 జీబీని మించరాదు. నిడుపైన వీడియోలకు అది సంకెల యయ్యెను. ఎక్స్‌ఫ్యాట్ ఆ సంకెలను త్రెంచెను గాని, మైక్రోసాఫ్టు పేటెంటుల చెఱలో నుండెను. రుసుము చెల్లింపని చౌక ఫోనులో 64 జీబీ కార్డును పెట్టినచో, కార్డు చెడిపోయినది, ఫార్మాట్ చేయుడని ఫోను ధైర్యముగా పలికెడిది. కార్డు చెడలేదు, ఫోనునకు ఆ లిపి రాదు. ఇంతకంటె నిర్లజ్జమైన యసత్యమును యంత్రము పలుకగా నేను వినలేదు. 2019లో మైక్రోసాఫ్టు ఆ పద్ధతిని బహిరంగపఱచి లినక్సునందు చేరుటకు సమ్మతించిన పిమ్మట ఈ చిక్కు సడలెను.

అంతకు ముందే ఆండ్రాయిడువారు కార్డు స్వభావమునే మార్చు యత్నము చేసిరి. 2008 నాటి తొలి ఆండ్రాయిడు ఫోను కార్డు గూడుతోనే జన్మించెను; 2013లో 4.4 కూర్పు, ఇతరుల ఫోల్డర్లలో వ్రాయకుండ యాపుల చేతులు కట్టివేసెను. 2015లో మార్ష్‌మాలో యను 6వ కూర్పు, కార్డును ఫోనులోని మెమరీగానే దత్తు తీసికొను ఏర్పాటు చేసెను. అట్లు ఫార్మాట్ చేసిన కార్డు గూఢలిపిలో నుండును; తాళపుచెవి ఆ ఫోనులోనే దాగును; రెండవ ఫోనులో పెట్టినచో అది మూగది. స్థలము చాలని చౌక ఫోనులకు ఇది మేలే. కాని యంత్రమునుండి యంత్రమునకు సంచరించుటయే కార్డునకు ప్రాణము గదా. ఒక యింటికే బంధించిన పిమ్మట అది కార్డెట్లగును? సామ్‌సంగ్ 2016లో తన ఎస్7 ఫోనునకు గూడు తిరిగి యిచ్చినను ఈ దత్తత నంగీకరింపక పోయెను. 2021 నాటి ఎస్21తో ఆ వరుసలో గూడే యంతరించెను. పాటలెక్కించు వ్యాపారమును మాత్రము ఫోను తయారీదారులు చంపలేదు. 2016 సెప్టెంబరు 5న జియో సేవ మొదలై, డేటా నీళ్లవలె పాఱినప్పుడు, ఆ బోర్డులు తమంతట తామే దిగెను.

ఇప్పటికిని దుకాణములలో ఫార్మాట్ పని యడుగు గిరాకీ కొంత మిగిలియున్నది: ఇంటి గడపమీది కెమెరాలవారు, ట్రాక్టరులోను గుడి మండపములోను మ్రోగు స్పీకరు పెట్టెలవారు. ఆ పెట్టెలలో ననేకములకు ఫ్యాట్ 32 తప్ప మఱియొక లిపి రాదు. 64 జీబీ కార్డు తెచ్చినవానికి దుకాణదారుడు దానిని ఫ్యాట్ 32గా మార్చియిచ్చును. విండోసులోని ఫార్మాట్ కిటికీలో 32 జీబీ మించి ఆ యవకాశము కనబడదు గావున వేఱొక సాధనమును వాడును. ఆ కిటికీని 1994లో రచించిన డేవ్ ప్లమ్మర్, ఆ హద్దు తాను ఒక ఉదయమున తోచినట్లు పెట్టినదేయనియు, ఆ కిటికీ తాత్కాలికమను తలంపుతోనే చేసితిననియు తరువాత చెప్పియున్నాడు. ఆజ్ఞలు టైపు చేయు పద్ధతిలో ఆ హద్దును 2 టీబీ దాక పెంచుటకు మైక్రోసాఫ్టు 2024లో పూనుకొనెను. కిటికీలో మాత్రము నాటికిని 32 జీబీయే నిలిచియుండెను.