ఓడని జట్టుకు అందని ఆహ్వానం

ఫుట్‌బాల్ అనగానే మన ఇళ్లలో పెద్దవారు కోచ్ రహీం సాహెబునూ, హైదరాబాదు సిటీ పోలీసు జట్టునూ తలచుకుంటారు. ఈసారి మేము చెప్పదలచిన సంగతి ఆ కాలపుదే గాని, ఊరు వేరు, ఆట కూడా వేరు. అమెరికావారు ఫుట్‌బాల్ అనే ఆటలో బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని చేత పట్టుకొని పరుగెత్తుతారు, ఎదుటివాళ్లు మీదపడి కూలదోస్తారు. పేరుకే ఫుట్‌బాల్, కాలితో తన్నేది బహు తక్కువ!

కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయం 1855లో జెసూట్ పాదిరీలు స్థాపించినది. దాని జట్టును డాన్స్ అనేవారు. 1951లో ఆ జట్టుకు జో కుహారిచ్ కోచ్. ఆటగాళ్లలో ఇద్దరు నల్లజాతివారు: ఓలీ మాట్సన్, బర్ల్ టోలర్. జీనో మార్చెట్టి వంటివాడు అప్పటికే రెండవ ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పోరాడి వచ్చి కాలేజీలో చేరినవాడు.

ఆ ఏడాది తొమ్మిది ఆటలు ఆడి తొమ్మిదీ గెలిచారు. న్యూయార్క్ వెళ్లి ఫోర్డ్‌హామ్ జట్టును 32-26తో ఓడించినప్పుడు మాట్సన్ రెండుసార్లు, ఒకసారి 94 గజాలు, మరోసారి 90 గజాలు బంతితో పరుగెత్తి పాయింట్లు తెచ్చాడు. సీజను మొత్తంలో అతని పరుగు 1,566 గజాలు. దేశంలో ఆ ఏట అంతకు మించినవాడు లేడు. కాలేజ్ ఆఫ్ ది పసిఫిక్‌ను 47-14తోనూ, చివరి ఆటలో లయోలాను 20-2తోనూ ఓడించారు.

అక్కడ సీజను చివర మంచి జట్లను పిలిచి కొత్త సంవత్సరం రోజుల్లో పెద్ద పోటీలు పెడతారు. వాటిని బౌల్ ఆటలంటారు. పిలుపు వస్తే పేరూ, డబ్బూ రెండూ వస్తాయి. వాటిలో పేరున్నవి చాలావరకు దక్షిణాది నగరాలవి. నల్లవారికి బస్సులో, బడిలో, హోటలులో వేరే చోటు చూపించే చట్టాలు అక్కడ ఇంకా నడుస్తున్న రోజులవి. డాన్స్‌కు కబురు అందింది: ఆ ఇద్దరినీ ఇంటి దగ్గర వదిలి వస్తే రావచ్చునని.

బయటికి చెప్పిన కారణం వేరు. మీరు ఆడిన జట్లు బలహీనమైనవి అన్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు, సైనిక శిబిరాల జట్లతో కూడా ఆడారు మరి. కాని అసలు అడ్డు ఏమిటో ఆటగాళ్లకు తెలుసు.

ఇక్కడ మనం ఒక సంగతి గమనించాలి. ఆ ప్రశ్న వేసింది మాట్సన్‌నూ, టోలర్‌నూ కాదు, మిగతావారిని. వాళ్లు ఊఁ అంటే చాలు, పని అయిపోయేది. ఆ రోజుల గురించి ఆటగాళ్లు తర్వాత చెప్పినదాన్నిబట్టి, ఓట్లు వేసుకునే పని కూడా పడలేదట. వాళ్లు రాకపోతే మేమూ రాము అన్నారు, అంతే. మా మటుకు మాకు తొమ్మిది గెలుపులకంటే ఇదే పెద్దదిగా తోస్తుంది.

దానికి ధర కూడా చెల్లించారు. ఫుట్‌బాల్ జట్టు వల్ల విశ్వవిద్యాలయానికి నష్టాలు వస్తున్నాయి. బౌల్ ఆట సొమ్ము వస్తే కొంత ఊపిరి ఆడేది. అది రాలేదు. ఆ సీజను ముగియగానే జట్టునే ఎత్తివేశారు. ఒక్క ఆట ఓడని జట్టు మరుసటి ఏడు లేదు!

మనుషులు మాత్రం నిలదొక్కుకున్నారు. మాట్సన్ 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం, రిలేలో రజతం గెలిచాడు. మన రహీం సాహెబు శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు వెళ్లి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిందీ ఆ ఒలింపిక్స్‌లోనే. మాట్సన్, మార్చెట్టి, బాబ్ సెయింట్ క్లెయిర్ ముగ్గురికీ తర్వాత ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ గౌరవ మందిరంలో స్థానం దక్కింది. జట్టు ప్రచారం చూసిన కుర్రవాడు పీట్ రోజెల్ 1960లో ఆ దేశపు ప్రొఫెషనల్ లీగ్‌కే కమిషనర్ అయ్యాడు. టోలర్‌కు మాత్రం 1952లోనే మోకాలు దెబ్బతిని ఆట ముగిసిపోయింది. అతను శాన్‌ఫ్రాన్సిస్కోలో పంతులై, ప్రిన్సిపాల్ అయి, పిల్లలకు చదువు చెబుతూనే 1965లో ఆ లీగ్ మైదానంలో విజిల్ పట్టిన మొదటి నల్లజాతి అధికారి అయ్యాడు.

2006లో విశ్వవిద్యాలయం ఆ జట్టువారికి గౌరవ డాక్టరేట్లు ఇచ్చింది. కోచ్ కుహారిచ్ 1981లోనే పోయారు. మాట్సన్, టోలర్ ఇద్దరూ అప్పటికి బతికే ఉన్నారు.