కంటిపాప నుంచి గర్భసంచి దాకా: వైద్యపదాల ముక్కల కథ

తలకు దెబ్బ తగిలిన మనిషిని ఆసుపత్రికి తీసుకొచ్చినప్పుడు డాక్టరు ముందుగా చేసే పనుల్లో ఒకటి, చిన్న టార్చిలైటు వేసి రెండు కళ్ళూ చూడటం. ఒక కంటిపాప పెద్దగా, రెండోది చిన్నగా ఉంటే కేసు షీటులో ‘అనైసోకోరియా’ అని రాస్తారు. నోరు తిరగని మాట. కానీ దీన్ని విడదీస్తే మూడు ముక్కలు: అన్, ఐసో, కోరె. ‘అన్’ అంటే కానిది, లేనిది. మన ‘అనుచితం’, ‘అనర్హుడు’ అనే మాటల్లో ఉన్న అన్ కూడా ఇదే. ‘ఐసో’ అంటే సమానం. ‘కోరె’ అంటే గ్రీకులో ఆడపిల్ల.

కంట్లోకి ఆడపిల్ల ఎలా వచ్చింది? ఎదుటివాళ్ళ కంట్లోకి దగ్గరగా చూస్తే నల్లగుడ్డు మధ్యలో మన బొమ్మే చిన్నగా కనబడుతుంది. గ్రీకులు దాన్ని ‘కోరె’ అన్నారు. రోమన్లు ‘పుపిల్లా’, అంటే చిట్టిబొమ్మ అన్నారు. ఇంగ్లీషు ‘ప్యూపిల్’ అక్కణ్ణుంచే వచ్చింది. సంస్కృతంలో కనీనిక, అంటే చిన్నపిల్ల. మనం ‘కంటిపాప’ అన్నాం. ఇంత సులువైన మాట గ్రీకు వేషం కట్టేసరికి మనకి భయం వేస్తుంది.

వైద్యపదాల్లో చాలా భాగం ఇంతే. ముక్కలన్నీ ఒకప్పుడు ఎవరి ఇంట్లోనో వాడుకలో ఉన్న మాటలే. క్రీస్తుపూర్వం 5, 4 శతాబ్దాల్లో హిపోక్రటీస్ పేరు మీద చేరిన గ్రంథాలు రాసినవాళ్ళు పరిభాష కోసం ఎక్కడికీ పోలేదు, తాము మాట్లాడే గ్రీకులోనే రాశారు. మానని పుండును చూసి ‘కార్కినోస్’ అన్నారు, అంటే పీత. దాన్ని లాటిన్‌లోకి మారిస్తే ‘కాన్సర్’. సంస్కృతంలో కర్కటకం అన్నా పీతే. జాతకచక్రంలో కర్కాటక రాశిని ఇంగ్లీషువాళ్ళు ‘కేన్సర్’ అనడం అందుకే. ‘మూస్’ అంటే ఎలుక. చర్మం కింద కదిలే కండ వాళ్ళకి ఎలుకలా కనిపించింది కాబోలు, కండనూ ‘మూస్’ అనే అన్నారు. మూషికానికి అది దాయాది. ఇవాళ ‘మయోకార్డైటిస్’ అన్నప్పుడల్లా ఆ ఎలుకను తలుచుకుంటున్నట్టే.

ఇలాంటి దాయాదులు చాలామందే ఉన్నారు. ఎముకకు గ్రీకులో ‘ఆస్టియాన్’, మనకి అస్థి. పన్నుకు అక్కడ ‘ఒడొంట్’, ఇక్కడ దంతం. కాలేయానికి గ్రీకులో ‘హేపార్’, లాటిన్‌లో ‘యేకూర్’, సంస్కృతంలో యకృత్తు. 1786లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ ముందు విలియం జోన్స్ గ్రీకు, లాటిన్, సంస్కృతాలది ఒకే మూలం అయివుండాలని అన్నప్పుడు ఆయన ధ్యాస వైద్యం మీద లేదు. కానీ అందులో మనకి దొరికిన లాభం ఒకటుంది. కాస్తో కూస్తో సంస్కృతం కలిసిన తెలుగు వచ్చినవాళ్ళకి ఈ పదాల్లో చాలా ముక్కలు పూర్తిగా పరాయివి కావు.

అతుకు వేసే పద్ధతి కూడా మనకి కొత్తది కాదు. పొట్టకు ‘గ్యాస్ట్ర్’. దాని వెనక అచ్చు వస్తే నేరుగా కలిసిపోతుంది: గ్యాస్ట్రైటిస్. హల్లు వస్తే మధ్యలో ఒక ‘ఓ’ దూరుతుంది: గ్యాస్ట్రోస్కోపీ. సంధి సూత్రాలు బట్టీ పట్టిన మనకి ఇదో లెక్కా!

అయితే ఈ ముక్కలు గ్రీసు నుంచి తిన్నగా మన ఆసుపత్రులకి రాలేదు. 9వ శతాబ్దంలో బాగ్దాదులో హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్, ఆయన శిష్యులు గేలెన్ పుస్తకాలను సిరియాక్, అరబిక్ భాషల్లోకి తెచ్చారు. 12వ శతాబ్దంలో అరబిక్ వైద్యగ్రంథాలు లాటిన్‌లోకి వెళ్ళాయి. మెదడు చుట్టూ ఉండే పొరల పేర్లలో ఈ ప్రయాణం ఆనవాలు ఇంకా ఉంది. గ్రీకులో పొరకు ‘మెనింక్స్’. మెనింజైటిస్ అందులోంచే వచ్చింది. అరబిక్‌లో వస్తువుల మధ్య సంబంధాన్ని చుట్టరికంతో చెప్పడం అలవాటు కాబట్టి ఆ పొరల్ని ‘తల్లులు’ అన్నారు: మందపు తల్లి, పలచని తల్లి. 1127 ప్రాంతంలో ఆంటియోక్‌లో ఉన్న స్టీఫెన్ అనే అనువాదకుడు వాటిని మాటకు మాటగా లాటిన్‌లో పెట్టాడు. ‘డ్యూరా మేటర్’, గట్టి తల్లి. ‘పలచని’ అన్న మాట మాత్రం ‘పియా’ అయింది. దానికి మృదువైన అనే కాదు, భక్తిగల అనే అర్థం కూడా ఉంది. అలా మెదడును అంటిపెట్టుకున్న పొర భక్తురాలైన తల్లి అయి కూర్చుంది. ఇప్పటికీ న్యూరోసర్జన్లు వాడేది ఆ పేరే.

ఇంతవరకూ సరదాగానే ఉంది. కానీ ముక్కల అర్థం తెలిసిపోతే జబ్బు సంగతి కూడా తెలిసిపోయిందని అనుకుంటే మోసపోతాం. పదం పుట్టిన రోజున మనుషులు ఏం నమ్మారో అదే పదంలో ఉంటుంది. ఆ నమ్మకం తప్పని తేలినా పదం మారదు.

‘ఆర్టరీ’నే తీసుకోండి. గ్రీకులో ‘ఆర్టీరియా’ అంటే మొదట గాలిగొట్టం. శవాన్ని కోస్తే ధమనులు ఖాళీగా కనిపించేవి, అందుకని వాటిలో పారేది గాలి అనుకున్నారు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ఎరసిస్ట్రేటస్ వాదన ఇదే. క్రీస్తుశకం 2వ శతాబ్దంలో గేలెన్ ఒక ధమనిని రెండు చోట్ల కట్టి, మధ్యలో కోసి, ఉన్నది రక్తమేనని చూపించాడు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. మెడలో ఉన్న అసలు గాలిగొట్టాన్ని వేరుగా చెప్పడానికి ‘ట్రేకియా ఆర్టీరియా’, అంటే గరుకు ఆర్టరీ అన్నారు. చివరికి ఆ అవయవానికి మిగిలిన పేరు ‘ట్రేకియా’, ఉత్త ‘గరుకైనది’. మన ‘ధమని’కి కూడా మూలం ‘ఊదు’ అనే ధాతువే. కొలిమి తిత్తిని ఊదే ఆ క్రియే రక్తనాళానికి పేరైంది.

మలేరియా కథ మనకి ఇంకా దగ్గరిది. ఇటాలియన్‌లో ‘మాల్ ఆరియా’ అంటే చెడుగాలి. చిత్తడి నేలల మీంచి వచ్చే గాలే జ్వరానికి కారణమని నమ్మినప్పటి పేరు అది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ ఒక దోమ పొట్టగోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ పేరు తప్పని తేలడానికి దారి తీసింది మన బేగంపేటలోనే. అయినా ఇప్పటికీ మనం దాన్ని చెడుగాలి అనే పిలుస్తున్నాం.

ఇలాంటి పేర్లలో ఎక్కువ హాని చేసింది ‘హిస్టీరియా’. ‘హిస్టెరా’ అంటే గర్భాశయం. అది ఒంట్లో తిరుగుతూ ఆడవాళ్ళకి ఊపిరాడకుండా చేస్తుందని ప్రాచీన గ్రీకులు నమ్మారు. తిరగడం అబద్ధమని గేలెన్ కాలానికే తెలిసింది. కానీ ఏడ్చినా, వణికినా, ఎదురు తిరిగినా ఆడదానికి ఉన్నది గర్భాశయపు జబ్బే అన్న మాట దాదాపు రెండు వేల ఏళ్ళు నడిచింది. అమెరికా మానసిక వైద్యుల అధికారిక జాబితాలోంచి అది పోయింది 1980లో.

జబ్బు పేరుగా పోయినా ముక్కగా ‘హిస్టెరా’ పోలేదు. శస్త్రచికిత్స పేర్లలో ఉంది. ఇక్కడ మాత్రం చూడాల్సింది పదం మొదలు కాదు, చివర. ‘టమీ’ అంటే కోయడం. ముందు ‘ఎక్’ చేరితే ‘ఎక్టమీ’, కోసి బయటికి తీసేయడం. ‘స్టోమా’ అంటే నోరు, కాబట్టి ‘ఆస్టమీ’ అంటే కొత్తగా ద్వారం పెట్టడం. కోలెక్టమీలో పెద్దపేగును తీసేస్తారు, కొలాస్టమీలో పొట్ట మీద దానికి దారి పెడతారు. సిజేరియన్‌లో గర్భసంచిని కోసి, బిడ్డను తీసి, మళ్ళీ కుడతారు: అది హిస్టరాటమీ. గర్భసంచినే తీసేస్తే హిస్టరెక్టమీ. చెవికి దాదాపు ఒకేలా వినబడే ఈ రెండు మాటల మధ్య తేడా ఒక అవయవం.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళ శాతం రాష్ట్రాలన్నిటిలోకీ ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లో, దాదాపు 9. ఆ తర్వాతది తెలంగాణ. పల్లెల్లో ఈ మాట చెప్పడానికి గ్రీకు అక్కర్లేదు, ‘సంచి తీసేశారు’ అంటారు. అంతకంటే స్పష్టమైన అనువాదం ఉండదు. చిక్కల్లా పక్కనే ఇంకో మాట ఉన్నప్పుడు. కొన్ని డిశ్చార్జి కాగితాల మీద ‘బి.ఎస్.ఓ.’ అనే మూడక్షరాలు ఉంటాయి. విప్పితే ‘బైలేటరల్ సాల్పింగో ఊఫరెక్టమీ’. ‘సాల్పింక్స్’ అంటే బాకా, అండవాహికల ఆకారాన్ని బట్టి పెట్టిన పేరు. ‘ఊఫరో’ అంటే గుడ్లను మోసేది, అండాశయం. ఇందులోని ‘ఫర్’ మన ‘భరించు’కి చుట్టమే. చివర ఎక్టమీ. అంటే రెండు వైపులా అండవాహికలూ అండాశయాలూ కూడా తీసేశారన్నమాట. ముట్లు ఇంకా ఆగని వయసులో ఇది జరిగితే వెంటనే ఆగిపోతాయి, ఒంటి ఆవిర్లు మొదలవుతాయి, ఎముకలు త్వరగా గుల్లబారతాయి. ‘సంచి తీసేశారు’ అని మాత్రమే తెలిసిన మనిషికి ముప్ఫై అయిదేళ్ళకే నడుం ఎందుకు పడిపోయిందో ఎవరు చెప్పాలి?

పదం మొదట్లో ఉన్న ఎలుకల్నీ తల్లుల్నీ చెడుగాలినీ చరిత్రగా చదువుకుంటే చాలు, నమ్మక్కర్లేదు. చివరనున్న ముక్క అలాంటిది కాదు, అది మన ఒంటికి ఏం చేయబోతున్నారో చెబుతుంది. సంతకం పెట్టమని కాగితం ఇచ్చినప్పుడు ‘టమీ’యా ‘ఎక్టమీ’యా, ఎక్టమీ అయితే ఏమేం తీస్తున్నారు అని అడగడానికి గ్రీకు వచ్చి ఉండాల్సిన పని లేదు. ఆ ప్రశ్నకి తెలుగులో జవాబు చెప్పడానికి డాక్టరుకీ గ్రీకు అడ్డం రాకూడదు.