నచికేతుడు విన్న రథం కథ

యముడి ఇంట మూడు రాత్రులు తిండి లేకుండా పడిగాపులు కాసినందుకు నచికేతుడికి మూడు వరాలు దక్కాయి. చనిపోయాక మనిషి ఉంటాడా లేడా అన్నది మూడో వరంగా అడిగిన ప్రశ్న. దానికి జవాబు చెప్పే క్రమంలో యముడు ఒక రథాన్ని తెచ్చి ఎదుట నిలబెడతాడు. శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు, విషయాలు అవి పరుగెత్తే దారులు. ఆత్మ ఆ రథంలో కూర్చున్న యజమాని. కఠోపనిషత్తు మొదటి అధ్యాయం మూడో వల్లిలో ఉందీ వర్ణన.

గుర్రాలను చంపమని యముడు అనలేదు. కట్లు విప్పి వదిలేయమనీ అనలేదు. గుర్రాల్లేకుండా రథం కదిలేదెలా? అవి సారథి మాట వింటున్నాయా లేదా అన్నదే ఆయన పట్టింపు.

ఈ ఊహ ఒక్క మతానికే పరిమితం కాలేదు. సారథి మచ్చిక చేసిన గుర్రాల్లా ఇంద్రియాలు అణిగినవాణ్ని చూసి దేవతలు సైతం ముచ్చటపడతారంటుంది బౌద్ధుల ధమ్మపదం. గ్రీకు దేశంలో ప్లేటో కూడా ఆత్మను రెండు రెక్కల గుర్రాల రథంతో పోల్చాడు. గుర్రాలు తోలిన జాతులకు ఇలాంటి ఆలోచన విడివిడిగా తట్టినా వింతేమీ లేదు.

చిత్రమేమిటంటే, భగవద్గీతలో ఈ పోలిక కనిపించదు. కఠోపనిషత్తు శ్లోకాలు కొన్ని దాదాపు అలాగే గీతలో చేరాయి. చెప్పేవాడేమో సాక్షాత్తూ సారథి. అయినా స్థితప్రజ్ఞుడు, అంటే బుద్ధి నిలకడగా ఉన్నవాడు, ఎలా ఉంటాడని అర్జునుడు అడిగితే, కృష్ణుడు అవయవాలు లోపలికి ముడుచుకునే తాబేలును, గాలికి కొట్టుకుపోయే పడవను చూపించాడు. నిజం రథం కళ్లెదుటే ఉండగా మాటల రథం దండగ అనుకున్నాడేమో!

ఇంద్రియ జయమంటే సన్యాసుల వ్యవహారమని చాలామంది అభిప్రాయం. కౌటిల్యుడు ఒప్పుకోడు. అర్థశాస్త్రం మొదటి అధికరణంలోనే రాజుకు ఆ పాఠం పెట్టాడు. నాలుగు చెరగులా భూమిని ఏలినా సరే, ఇంద్రియాలు వశంలో లేని రాజు నాశనమవుతాడని హెచ్చరించి, అలా చెడినవాళ్ల చిట్టా విప్పాడు. ఆ చిట్టాలో రావణుణ్ని కామం కింద వేయలేదు! పట్టిన పరస్త్రీని తిరిగి ఇవ్వనివ్వని దురభిమానం కింద, పాండవుల వాటా ఎగ్గొట్టిన దుర్యోధనుడి పక్కన కూర్చోబెట్టాడు. కౌటిల్యుడి ఆరుగురు శత్రువులు కామం, క్రోధం, లోభం, మానం, మదం, హర్షం. ఇవాళ మనం వల్లించే అరిషడ్వర్గంలో మానం, హర్షం పోయి మోహం, మాత్సర్యం వచ్చాయి. ఇంత చెప్పినవాడే, ధర్మార్థాలకు అడ్డురాని సుఖాన్ని అనుభవించమనీ, సుఖం లేకుండా బతకొద్దనీ రాజుకు చెప్పాడు. యముడి గుర్రాలను బాగా అర్థం చేసుకున్నది ఈయనేననిపిస్తుంది.

ఇంద్రియాలను అదుపులోకి తెచ్చుకోవడాన్నే పతంజలి ప్రత్యాహారమన్నాడు, యోగం అష్టాంగాల్లో ఐదోది. రాజు ఈగ ఎగిరితే తేనెటీగలన్నీ ఎగురుతాయి, వాలితే వాలతాయి, చిత్తం వెంట ఇంద్రియాలూ అంతేనని వ్యాస భాష్యం వివరించింది. ఆ రాజు నిజానికి రాణి అని తేలింది ఎంతో కాలం తరవాత.

తెలుగువాళ్లకు ఇంద్రియ జయం సంగతి పోతన భాగవతం సప్తమ స్కంధం నుంచీ అందింది. లోకాలు జయించిన నీకు లోపలి శత్రువులు లొంగలేదని తండ్రి ముఖానే అనేస్తాడు ప్రహ్లాదుడు. కౌటిల్యుడు రాజుకు శాస్త్రంగా చెప్పింది ఇక్కడ కొడుకు నోట వినిపిస్తుంది.

ఆధునిక కాలంలో గాంధీకి ఇదే పాఠం గీతలో దొరికింది. ఆయన చేతికి గీత మొదట లండన్‌లో, ఎడ్విన్ ఆర్నాల్డ్ ఇంగ్లిష్ అనువాదంగా వచ్చింది. విషయ చింతన నుంచి కోరిక, కోరిక నుంచి కోపం, చివరికి బుద్ధి నాశం అని చెప్పే రెండో అధ్యాయం 62, 63 శ్లోకాలు మనసులో నాటుకుపోయాయని ఆత్మకథలో రాసుకున్నాడు. తరవాత ఆయన ఆశ్రమ సాయంకాల ప్రార్థనలో అదే అధ్యాయంలో స్థితప్రజ్ఞుణ్ని వర్ణించే 54 నుంచి 72 దాకా 19 శ్లోకాలు చేరాయి. 1944లో సివనీ జైల్లో వినోబా భావే తోటి ఖైదీలకు ఆ శ్లోకాల మీదే ఉపన్యాసాలిచ్చాడు. అవి ‘స్థితప్రజ్ఞ దర్శన్’ అనే పుస్తకమయ్యాయి.