వంద మీటర్ల తేడా

ఎపిసోడ్‌లో టైం చాలక జీపీఎస్ కథ సగంలో ఆపేశాం. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

జీపీఎస్ మన బస్సుల కోసం పుట్టింది కాదు. 1973లో అమెరికా రక్షణ శాఖ సైన్యం అవసరాల కోసం మొదలుపెట్టింది. మొదటి ఉపగ్రహం 1978లో వెళ్లింది.

1983 సెప్టెంబర్ 1న న్యూయార్క్ నుంచి అలాస్కా మీదుగా సియోల్ వెళ్తున్న కొరియన్ విమానం దారి తప్పి సోవియట్ గగనతలంలోకి పోయింది. సోవియట్ యుద్ధవిమానం దాన్ని కూల్చేసింది. 269 మందిలో ఒక్కరూ మిగల్లేదు. తాము ఎంత పక్కకి పోయామో పైలట్లకి చివరిదాకా తెలియలేదు. రెండు వారాల తర్వాత, జీపీఎస్ సిద్ధం కాగానే పౌరులందరికీ ఉచితంగా ఇస్తామని అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం ప్రకటించింది.

ఇచ్చారు, కానీ అసలు సరుకు ఇవ్వలేదు. ఇది అర్థం కావాలంటే పని తీరు చూడాలి. సైట్‌లో తెలిసిన పాయింట్ల నుంచి టేపు పట్టి కొత్త పాయింట్ పెడతాం కదా, ఇదీ అంతే. ఇక్కడ టేపు బదులు సమయం. ఉపగ్రహం నుంచి సిగ్నల్ రావడానికి ఎంతసేపు పట్టిందో చూసి దూరం లెక్కేస్తారు. గడియారంలో సెకనులో పది లక్షల వంతు తేడా వస్తే దూరంలో 300 మీటర్లు తేడా. శత్రువులు వాడుకోకూడదని, పౌరుల సిగ్నల్‌లో కావాలనే ఇలాంటి తప్పు కలిపారు. దాంతో వంద మీటర్ల వరకు తేడా వచ్చేది.

నడిసముద్రంలో ఓడకి వంద మీటర్లు లెక్కలోది కాదు. రోడ్డు మీద అలా కుదరదు. ఇక్కడ గల్ఫ్‌లో హైవే పక్కనే సర్వీస్ రోడ్డు ఉంటుంది. బస్సు ఏ రోడ్డు మీద ఉందో తెలియకపోతే కంట్రోల్ రూమ్ డ్రైవర్‌కి ఏం చెబుతుంది?

2000 మే మొదట్లో క్లింటన్ ప్రభుత్వం ఆ తప్పు కలపడం ఆపేసింది. కొత్త ఉపగ్రహం ఎగరలేదు, జనం చేతిలో మిషన్ మారలేదు. అయినా రాత్రికి రాత్రి తేడా 20 మీటర్ల లోపుకి దిగింది. ట్యాక్సీలు, లారీలు, సిటీ బస్సుల ట్రాకింగ్‌కి అక్కడ దారి తెరుచుకుంది.

అయితే స్విచ్ ఒక్క దేశం చేతిలో ఉంటే భయమే కదా. రష్యా, యూరప్, చైనా సొంతంగా పెట్టుకున్నాయి. మన నావిక్ మొదటి ఉపగ్రహం 2013 జులై 1న శ్రీహరికోట నుంచే వెళ్లింది.

తెలంగాణ ఆర్టీసీ 2023లో గమ్యం యాప్ తెచ్చి, బస్సు ఎక్కడుందో స్టాపులో నిలబడ్డవాళ్లకే చూపించింది. నాకు నచ్చింది ఇదే. గల్ఫ్ సైట్లలో చాలాచోట్ల లేబర్ బస్సు ఎక్కడుందో ఆఫీసు స్క్రీన్ మీద కనిపిస్తుంది, గేటు దగ్గర ఎండలో నిలబడ్డ మనిషికి కనిపించదు. మా సైట్‌లో ఆ లొకేషన్ లింకుని వర్కర్ల వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాం. బస్సు దగ్గరికొచ్చేదాకా వాళ్లు నీడలోనే కూర్చుంటున్నారు.

మీ దగ్గర ఎలా ఉందో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాం.