కలివికోడి పోయిన దారి

పెన్నా పారే కడప సీమలో, లంకమల కొండల అడుగున, కలివికోడి బతికింది. జానెడుకు కొంచెం మించిన పిట్ట. గొంతు కింద ఇటుకరంగు మచ్చ, రొమ్ము మీద రెండు గోధుమ పట్టీలు, చీకట్లో చూడటానికి పెద్ద కళ్లు. ఎగరడం కన్నా పరుగెత్తడమే ఎక్కువ. పగలంతా పొదమాటున కదలక మెదలక ఉండి, పొద్దుగూకిన ముప్పావు గంటకు రెండు ముక్కల కూత కూసేది. ఆ కూతా కొద్ది నిమిషాలే. ఆ కాసేపు చెవి ఒగ్గనివాళ్లకు అది లేనట్టే లెక్క.

1848 నాటికి పక్షుల పరిశోధకుడు జెర్డన్ దొర దాన్ని లోకానికి చూపాడు. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక మళ్లీ జాడ లేదు. అంతరించిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో, రెడ్డిపల్లి దగ్గర రాత్రిపూట దీపం వెలుగులో వేటాడే ఒకాయన ఒక పిట్టను ప్రాణంతో పట్టుకొచ్చాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ దానికోసమే అక్కడ తిరుగుతున్నాడు. కబురు విని, తొంభైకి దగ్గరపడ్డ పక్షి శాస్త్రవేత్త సలీం అలీ కడప ప్రయాణమయ్యాడు. పిట్ట మాత్రం బతకలేదు. చిత్రమేమిటంటే, ఎనభై ఆరేళ్లు పండితులు వెతికినదాన్ని ఆ పల్లె వేటగాళ్లు ఎప్పుడూ పోగొట్టుకోలేదు.

తర్వాత అన్నీ సవ్యంగానే జరిగినట్టు కనిపించింది. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. కలివికోడి బొమ్మతో తపాలా బిళ్ల కూడా వచ్చింది. పొదల మధ్య బాటల వెంట సన్నటి ఇసుక పరిచి, పొద్దున్నే వెళ్లి అడుగుజాడలు చూసేవాళ్లు. మూడు వేళ్ల చిన్న అచ్చు కనిపిస్తే ఆ రోజుకు పండగే.

కానీ అదే నేల మీదుగా నీళ్ల పొత్తు ఒకటి నడిచొచ్చింది. చెన్నై దాహం తీర్చడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీల కృష్ణా నీరు వదులుకుంటామని 1976లో ఒప్పుకున్నాయి. అలా పుట్టిన తెలుగుగంగ శ్రీశైలం నుంచి వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు మీదుగా సాగింది. 1996లో నీళ్లు తమిళనాడు సరిహద్దు చేరాయి. రాష్ట్రాలు నీళ్ల దగ్గర కొట్టుకోవడమే ఎరిగిన మనకు అది నిజంగా గొప్ప సంగతి. దాన్ని తక్కువచేయను. అయితే ఆ ఒప్పందంలో పిట్టకు కుర్చీ వేసినవాళ్లు లేరు.

2005లో కాలువ తవ్వే యంత్రాలు కలివికోడి తిరిగే పొదల్లోకి దిగాయి. అటవీ శాఖ అడ్డుకుంది, పక్షి శాస్త్రవేత్తలు గగ్గోలు పెట్టారు, సంగతి సుప్రీంకోర్టు నియమించిన సాధికార కమిటీ దాకా వెళ్లింది. చివరికి కాలువ దారి మళ్లించారు, పిట్ట కోసం భూమి సేకరించారు. కేంద్రం తన జీవజాతుల పునరుద్ధరణ పట్టికలోనూ దాన్ని చేర్చింది. గెలిచినట్టే అనిపించింది. ఆ దశాబ్దం ముగిసేలోగా కూత ఆగిపోయింది.

కాలువ ఒక్కదాని మీదే నెపం వేయడం నాకిష్టం లేదు. ఆ పిట్టకు చిట్టడవీ పనికిరాదు, బయలూ పనికిరాదు. కలివి, రేగు, తుమ్మ పొదలు ఎడంగా ఉండి, నడుమ పరుగెత్తడానికి బోసినేల కావాలి. మేకలు మేయాలి, మితిమీరకూడదు. కట్టెలు కొట్టాలి, నరికి చదును చేయకూడదు. ఈ మితం కాగితం మీద రాసి కాపలా కాసేది కాదు. నీళ్లొస్తాయన్న ఆశతో పొదనేలలు పొలాలవుతుంటే, దూరపు ఆఫీసులో కూర్చుని ఆ మితాన్ని తూచడం ఇంకా కష్టం.

ఈ ముక్కలు నేను రాస్తున్నది ఖతర్ రాజధాని దోహాలోని నజ్మా నుంచి. ఇక్కడి సందుల్లో మా కడప వైపు బద్వేలు, సిద్ధవటం మాట అప్పుడప్పుడు చెవిన పడుతుంది.  ఇక్కడి విమానాల తోక మీద ఓరిక్స్ అనే ఎడారి జింక బొమ్మ ఉంటుంది. 1972 నాటికి ఎడారిలో చివరి అరేబియా ఓరిక్స్ కూడా పోయింది. జంతుశాలల్లో, షేకుల తోటల్లో కొన్ని మిగలబట్టి, దేశాలు చేతులు కలిపి పెంచి, 1982లో ఒమన్ ఎడారిలోకి వదిలాయి. ఖతర్ కూడా షహానియాలో వాటిని పోషించింది. 2011లో ఓరిక్స్ అపాయపు పట్టికలో మెట్టు దిగింది. కలివికోడికి ఆ విత్తనపు మూట లేదు. ఏ జూలోనూ ఒక్క జంట లేదు. పోతే, ఉన్నచోటే పోవాలి.

2025లో కడప జిల్లాలోనే పక్షి ప్రియుల రికార్డరులో దాని కూత మళ్లీ పడింది. సంతోషమే. ఇప్పుడు మరో ప్రణాళిక రాస్తారు. అందులో మేకల కాపరికి ఏటా కూలి రాస్తారా, ఇసుక పట్టీలు చూసే పల్లె మనిషికి జీతం రాస్తారా, తెలుగుగంగకు రాసినట్టు గడువు రాస్తారా అని అడగాల్సింది కడప వాళ్లమే.