పూటకూటింటి నుండి పెద్ద హోటలు దాక

అలిపిరి కడ నిలిచి చూచినచో ఒక ప్రక్క కొండ, ఒక ప్రక్క పట్టణము. మెట్లదారి పట్టువారు పాదాల మండపమున మ్రొక్కి కొండనెక్కుదురు. దిగివచ్చినవారు ఆకలితో ఊరిలోనికి పోవుదురు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరచిన పిదప ఈ రాకపోకలు మఱింత హెచ్చినవి. వచ్చినవానికి అన్నము పెట్టుట తిరుపతివానికి అలవాటు. అట్టివాడు తానే అతిథియై, ఊరి నడుమ అద్దాల తలుపుల పెద్ద హోటలులో, తెల్లని గుడ్డ పఱచిన బల్లయొద్ద కూర్చుండుట వెనుక ఏ చరిత్ర కలదో నేడు విచారింతము.

సొమ్మిచ్చి భుజించుట దొరలు మనకు నేర్పినది కాదు. ఓరుగంటి పూటకూటింటిలో ఒక్క రూకకు మేలైన అన్నము, గోధుమ పిండివంట, పప్పు, నేయి, పెరుగు లభించెడివని క్రీడాభిరామము తెలుపుచున్నది. తిరుమల శాసనములు ఇంకొక ముచ్చట చెప్పును. భక్తుడు ధనమో గ్రామమో సమర్పించి స్వామికి నైవేద్యము ఏర్పఱచినచో, ఆ ప్రసాదమున నాలుగవ వంతు దాతకు చెందెడిది. దానిని అతడు ఇతరులకు ఈయవచ్చును, అమ్ముకొనవచ్చును. అప్పము, అతిరసము, వడ, దోసె మున్నగు పేర్లు ఆ రాతలలో కానవచ్చును. 15వ శతాబ్దమున సాళువ నరసింహుని కాలమున తిరుమలలోను తిరుపతిలోను రామానుజకూటములు వెలసి వైష్ణవ యాత్రికులకు అన్నము పెట్టినవి. కందాడై రామానుజయ్యంగారు వానిని నిర్వహించిరి.

అన్నమునకు కొఱత లేదు, చిక్కంతయు పంక్తిలోనే. ఎవరి సరసన ఎవరు కూర్చుండవలెను? 20వ శతాబ్దపు తొలినాళ్ళలో మదరాసు రాజధానియందు కాఫీ హోటళ్ళు పెరిగినవి. వానిలో అనేకము బ్రాహ్మణులకు వేఱు గది ఉంచెడివి. హరిజనులకు గడపయే దాటరానిది. దక్షిణాది రైల్వే భోజనశాలలలో ఈ వేర్పాటు 1941లో తొలగినది. 1950లో రాజ్యాంగము హోటళ్ళలో ప్రవేశమునకు కులము అడ్డు కారాదని శాసించెను. అడ్డగించుట 1955 నాటి చట్టముచే శిక్షార్హమైన నేరమయ్యెను. అయినను 1957లో కూడ మదరాసులో ఒక హోటలు ఫలకముపై నున్న ‘బ్రాహ్మణ’ శబ్దమును తొలగింపుమని పెరియారు రామస్వామి ఆందోళన జరుపవలసి వచ్చెను. 1953 అక్టోబరు 1 వఱకు చిత్తూరు జిల్లా ఆ మదరాసు రాష్ట్రములోనిదే కదా! కావున బల్లయొద్ద కుర్చీ లాగుకొని కూర్చుండుట మన తాతలలో ఎందఱికో అందని పని.

నేడు సర్వరు కులమడుగడు. పట్టికలో ధరలు మాత్రము ఉండును. ఆ ధరలను చూచి వెనుదిరుగువారు నేటికిని కలరు. కొండపై నిత్యాన్నదానము 1985లో ఆరంభమైనది. 2011లో తెరచిన తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనమున ఒకే పర్యాయము 4,000 మంది కూర్చుండి భుజింపవచ్చును. అచ్చట కులమును, ధరయు రెండును లేవు.

ఒక చిత్రము గమనింతము. కూలివాని ఇంటి కూడైన రాగిసంగటి నేడు పెద్ద హోటళ్ళ పట్టికలకెక్కినది. నాటుకోడి పులుసుతో దానిని వడ్డించి ఘనముగా ధర కట్టుచున్నారు. మన ఊరి వంటకు గౌరవము దక్కినదని మేమును సంతసింతుము. అయితే సంగటి లోనికి పోయినది. దానిని తరతరములుగా తిన్నవాడు ఇంకను తలుపు వెలుపల నిలిచి యుండెనా అని కూడ చూడవలసియున్నది. ఈసారి పిల్లలతో ఆ బల్లయొద్ద కూర్చున్నప్పుడు, వంటకము వచ్చులోపల ఈ కథ వారికి చెప్పుడు. ఆ కుర్చీ ఎంత పోరాటమున దక్కినదో వారెఱుగవలెను.